దీపం ఆరింది, బండి బాగుంది

యంత్రం కూడా ఉద్యోగిలాంటిదేనని మా పశుసంక్షేమ శాఖ కనిపెట్టి ఏడాది దాటింది. ఏదో జిల్లాలో ఫొటోకాపీ మిషను నాలుగేళ్లపాటు ‘కాగితం ఇరుక్కుంది’ అని మొత్తుకున్నా ఎవరూ వినిపించుకోలేదట. ఆ సంగతి రాజధానిలో పెద్దవాళ్ల మనసుని కలచివేసింది. వెంటనే సర్క్యులర్ వచ్చింది.

‘కార్యాలయమునకు చెందిన ఏ యంత్రమైనను హెచ్చరిక జారీ చేసిన యెడల, సదరు హెచ్చరికకు మూడు పనిదినములలోగా లిఖితపూర్వక సమాధానము ఇవ్వవలెను. హెచ్చరిక పెండింగులో ఉన్నంత కాలము సదరు యంత్రమును ఎవరును విప్పరాదు, తుడువరాదు, కదల్చరాదు. ఒక్క హెచ్చరికయు పెండింగు లేని జిల్లాను హెచ్చరిక రహిత జిల్లాగా ప్రకటించి జ్ఞాపికతో సత్కరించెదరు.’

నేను మా జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. సమాధానాలు రాసే పని నాకే పడింది. ఇంకు అయిపోయిందని ప్రింటరు చెబితే, ‘మీ విన్నపము పరిశీలనలో ఉన్నది’ అని రాసి, డిప్యూటీ డైరెక్టరుగారి చేత సంతకం చేయించి, ప్రింటరు వెనకాల అంటించేవాణ్ని. మందుల ఫ్రిజ్‌కి ఒక్కదానికే పద్దెనిమిది ఉత్తరాలు రాశాను. ఇంట్లో మా ఆవిడకి పెళ్లయ్యాక అన్ని రాయలేదు.

ఇలా సుఖంగా సాగిపోతుండగా దసరా వచ్చింది.

మా ఆఫీసుకి ఒక సంచార పశువైద్య వాహనం ఉంది. ఊళ్లు తిరిగి గేదెలకీ ఎడ్లకీ వైద్యం చేసే తెల్ల బండి. దాని డ్రైవరు పైడియ్య తొమ్మిదేళ్లుగా ఆ బండే నడుపుతున్నాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఒక్క మెమో వచ్చిందంటే మర్నాటి నుంచి ఇంట్లో కూర్చోవలసిందే. అందుకే ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. బండితో మాత్రం మాట్లాడతాడు.

ఆయుధపూజ నాడు పైడియ్య బండిని బయటా లోపలా కడిగాడు. ఇంజినులోకి గాలి వెళ్లే గొట్టం విప్పి, అందులో పేరుకున్న ఊళ్ల దుమ్మంతా దులిపి, భాగాలన్నీ తడి ఆరాలని అరిటాకు మీద వరసగా పెట్టాడు. అప్పుడే మా డిప్యూటీ డైరెక్టరు త్రిపురాంతకరావుగారు పూజకి పట్టుపంచె కట్టుకుని వచ్చారు. అరిటాకు చూశారు. అది పూజ కోసం చేసిన అమరికే అనుకున్నారు.

“భేష్! వాహనముతో పాటు దాని అంతరంగమునకు కూడా అర్చన జరగవలసిందే,” అన్నారు.

గంధం గిన్నె, కుంకుమ పళ్లెం నేనే పట్టుకున్నాను. ఆయన ఒక్కో భాగానికీ భక్తిగా గంధం అలికి బొట్టు పెట్టారు. గొట్టంలో అమర్చే ఒక చిన్న వస్తువు దగ్గర మరీ ముచ్చటపడ్డారు. దాని మధ్యలో సన్నటి తీగ మెరుస్తోంది. “ఇది ముఖంలాగుంది సుమా,” అని తీగ మీదే దట్టంగా గంధం రాసి, పైన కుంకుమ అద్దారు. పైడియ్య నోరు తెరిచి మళ్లీ మూసేశాడు. ఫొటో తీశారు. ఆ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టారు. అందులో పళ్లెం పట్టుకున్న చెయ్యి నాది.

మర్నాడు అన్నీ బిగించి బండి స్టార్టు చేస్తే, స్టీరింగు వెనకాల పసుపు దీపం ఒకటి వెలిగింది. ఇంజిను బొమ్మ ఉన్న దీపం. బండి కూడా దగ్గుతూ నడిచింది.

పైడియ్య నా టేబులు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

“పెద్ద పనేటీ కాదు బాబూ. ఆ సన్నటి తీగ లేదా, లోనికి ఎంత గాలి ఎల్తందో అదే కొలిసి ఇంజినుకి సెప్తాది. దాని మీద గంధం ఎండి అట్టకట్టేసింది. మరి అదేటి సెప్తాది పాపం? పది నిమిసాలు ఒగ్గేయండి, తుడిసేత్తాను.”

“ఏం తుడుస్తావు?”

“బొట్టు బాబూ.”

“ఎవరు పెట్టిన బొట్టు?”

పైడియ్య హాల్లో ఫొటో వంక చూశాడు. తల గోక్కున్నాడు. నేను కూడా గోక్కున్నాను. అప్పుడే వెళ్లి చెప్పేసి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. కాని పై అధికారి పెట్టిన బొట్టు వల్ల ప్రభుత్వ వాహనం చెడిందని రాసే ధైర్యం నాకు లేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అలాంటిదేదీ అలవాటు కాలేదు.

ఈలోగా దీపం సంగతి డిప్యూటీ డైరెక్టరుగారికి, అంటే మా డీడీగారికి, తెలిసిపోయింది. మీటింగు పెట్టారు.

“వాహనము ఒక హెచ్చరిక జారీ చేసినది. బాగు. అయితే ఎవరిని ఉద్దేశించి జారీ చేసినది? ఇది మౌలికమైన ప్రశ్న.”

‘మౌలికమైన ప్రశ్న’ అని నేను మినిట్సు పుస్తకంలో రాసుకున్నాను.

“దీపము ఎవరి ఎదుట వెలిగినది?”

“నా ఎదరే బాబుగారూ,” అన్నాడు పైడియ్య.

“కనుక అది నిన్ను ఉద్దేశించినదేనని ప్రాథమికముగా భావించవలసి ఉన్నది. వాహనము నీపై ఫిర్యాదు చేసినది. నీవు దానిని ఏమి చేసితివి?”

“శుభ్రం సేసినాను బాబుగారూ.”

డీడీగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీస్తే ఎవరికో మూడినట్టే.

“శుభ్రము చేయుటకు పూర్వము అది శుభ్రముగా లేదని నిర్ధారించిన అధికారి ఎవరు?”

ఆ ప్రశ్నకి ప్రపంచంలో ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. అపరిశుభ్రతా నిర్ధారణ పత్రం లేకుండా పరిశుభ్రం చేసినందుకు వివరణ ఇవ్వమన్నారు. వివరణ చాలకపోతే ఉద్యోగంలోంచి తొలగిస్తామన్న మాట చివరి వాక్యంలో ఉంది. ఆ వాక్యం నేనే టైపు చేశాను.

పైడియ్య కాగితం రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “బండి నన్ను తిట్టినాదని ఎలా రాసినారు బాబూ? తొమ్మిదేళ్లలో ఒక్కనాడూ తిట్టలేదు,” అన్నాడు. ఉద్యోగం పోతుందన్న దానికన్నా ఆ మాటే అతన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది.

సర్క్యులర్ ప్రకారం హెచ్చరికను పరిశీలనలో ఉంచాలి. గంట గంటకీ దీపం వెలుగుతోందో లేదో చూసి, రిజిస్టరులో రాయాలి. అయితే తాళం తిప్పి ఉంచితే తప్ప దీపం వెలగదు. కాబట్టి తాళం తిప్పే ఉంచాలి. ఇంజిను స్టార్టు చేస్తే మాత్రం అది కదల్చడం కిందికి వస్తుంది, కాబట్టి స్టార్టు చేయకూడదు.

“అలాగైతే బేటరీ దిగిపోద్ది బాబుగారూ,” అన్నాడు పైడియ్య.

“బేటరీ ఏదైనా హెచ్చరిక జారీ చేసినదా?”

“ఇంకా లేదు బాబుగారూ.”

“చేసినపుడు చూడవచ్చును.”

మొదటి రోజంతా ‘వెలుగుచున్నది’ అని రాశాం. రెండో రోజూ అంతే. సాయంత్రానికి ‘వెలుగుచున్నది, కాని నీరసముగా’ అని రాయాల్సి వచ్చింది. మూడో రోజు పదకొండున్నరకి బేటరీ ప్రాణం విడిచింది. దీపం ఆరిపోయింది.

ఆఫీసంతా బండి చుట్టూ మూగింది. డీడీగారు స్వయంగా డ్రైవరు సీట్లోకి ఎక్కి, చేతులు అడ్డం పెట్టుకుని చీకటి చేసి మరీ చూశారు. దిగేటప్పుడు ఆయన ముఖం చూడాలి. మనవడు పుట్టిన కబురు విన్నవాడిలా ఉన్నారు.

“వాహనము తన హెచ్చరికను ఉపసంహరించుకున్నది!”

చప్పట్లు కొట్టాం. లడ్డూలు తెప్పించారు. ‘ఏ విధమైన హెచ్చరికయు లేని కారణమున వాహనము సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నదని ధ్రువీకరించడమైనది’ అని సర్టిఫికెట్ రాసి అద్దానికి అంటించాను. మాది హెచ్చరిక రహిత జిల్లా అని రాజధానికి కబురు వెళ్లింది. సోమవారం జాయింట్ డైరెక్టరు వచ్చి జ్ఞాపిక ఇస్తారని జవాబు కూడా వచ్చింది.

పైడియ్య మాత్రం లడ్డూ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “బండి స్టార్టు అవ్వట్లేదు బాబుగారూ,” అన్నాడు.

“స్టార్టు కావడం లేదని వాహనము చెప్పినదా, నీవు చెప్పుచున్నావా?”

“నానే సెప్తన్నాను.”

“నీ మాటకు యంత్ర విలువ లేదు,” అని డీడీగారు లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు శనివారం పొద్దున్నే గెడ్డపాలెం నుంచి అసిరమ్మ అనే రైతు పరుగు పరుగున వచ్చింది. గేదె ఈనలేకపోతోంది. దూడ అడ్డం తిరిగింది. తెల్లవారుజాము నుంచీ నొప్పులు పడుతోంది. ఊరు నాలుగు కిలోమీటర్లు.

బండి మీద వెళ్లే పశువైద్యురాలు నీలవేణిగారు వెంటనే లేచి, “మందుల పెట్టె ఇచ్చేయండి, నా స్కూటరు మీద పోతాను,” అన్నారు. డీడీగారు చెయ్యెత్తి ఆపారు.

“మందులు వాహనమునకు కేటాయింపబడినవి. వాహనము లేకుండ మందులు ప్రయాణించరాదు. వాహనము సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నది కదా, అందులోనే వెళ్లండి.”

“అది కదలదండీ!”

“సర్టిఫికెట్ చదివితిరా?”

అసిరమ్మకి ఈ భాష అర్థం కాలేదు. “ఏటి బాబూ ఇది? బండి ఇక్కడే ఉంది, డాక్టరమ్మ ఇక్కడే ఉంది, మందులూ ఇక్కడే ఉన్నాయి. అక్కడ నా గేదె సచ్చిపోతంది. ఇంకేటి కావాల మీకు?” అని అందరి ముఖాలూ చూసింది. నా ముఖం దగ్గరకొచ్చేసరికి నేను ఫైలు తిరగేశాను.

ఆమె వీధిలోకి పోయి, ధాన్యం దింపి తిరిగి వెళ్తున్న తన ఊరివాళ్ల బండిని ఆపింది. రెండు ఎడ్లను విప్పించి, మోకులతో మా సంచార పశువైద్య వాహనానికి ముందు కట్టించింది. డీడీగారు కిటికీలోంచి చూసి, రూల్సు పుస్తకం తిరగేశారు. వాహనాన్ని ఏది లాగాలన్నది అందులో లేదు. అనుమతి ఇచ్చారు. ప్రయాణానికి సాక్షిగా నన్ను వెళ్లమన్నారు.

పైడియ్య స్టీరింగు పట్టుకున్నాడు. డాక్టరుగారు పక్కన కూర్చున్నారు. పశువుల ఆసుపత్రిని పశువులు లాక్కుంటూ మెయిన్ రోడ్డెక్కాయి. ఆటోల వాళ్లు ఆపి మరీ చూశారు. ఎత్తు వచ్చినచోట నేనూ దిగి వెనక నుంచి తోశాను. ఇరవై రెండేళ్లలో ఫైలు కాకుండా నేను ముందుకి తోసింది అదొక్కటే.

గెడ్డపాలెం చేరేసరికి గేదె కాళ్లు చాపి పడుకుని ఉంది. కళ్లు తేలేస్తోంది. నీలవేణిగారు చీర కొంగు బిగించి పనిలోకి దిగారు. అరగంట తర్వాత తలెత్తి, దూడని మెల్లగా తిప్పుతున్నాననీ, వస్తే వస్తుందనీ, రాకపోతే పట్నంలో పెద్ద పశువుల ఆసుపత్రి నుంచి ఇంకో మందూ, ఆపరేషను సామానూ వెంటనే తేవాలనీ చెప్పారు. ఎడ్లతో వెళ్లి వస్తే పొద్దుగూకుతుంది.

పైడియ్య నా వైపు చూశాడు.

“బాబూ, ఇప్పుడు తుడిసేత్తాను. రాసుకుంటే రాసుకోండి.”

నేను ఏమీ రాసుకోలేదు. అతను బానెట్టు ఎత్తి గొట్టం విప్పాడు. డాక్టరుగారి పెట్టెలోంచి దూదీ స్పిరిటూ తీసుకుని, పసిపిల్ల కంట్లో నలక తీస్తున్నట్టు ఆ తీగ మీది గంధాన్ని తీశాడు. చక్రాలు విప్పి పడున్న ఎవరిదో ట్రాక్టరు బేటరీ తెచ్చి తగిలించాడు. తాళం తిప్పాడు. బండి ఒక్కసారి గొంతు సవరించుకుని హాయిగా పలికింది. పసుపు దీపం వెలగలేదు. ఈసారి నిజంగానే వెలగలేదు.

అతను పట్నం వెళ్లి గంటలోపే మందు తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా దూడ బయటపడింది. నల్లటి పెయ్య. తల్లి మెడ తిప్పి నాకడం మొదలుపెట్టాక అసిరమ్మ గోడకి చేరబడి ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. పైడియ్య మాత్రం బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

తిరిగి బండి మీదే వచ్చాం. ఎడ్లు లేకుండా, ఇంజిను చప్పుడుతో గేటులోకి వచ్చిన బండిని చూసి డీడీగారు కంగారుపడిపోయారు.

“సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్న వాహనమును ఎవరు బాగు చేసితిరి?”

“నానే బాబుగారూ.”

“చెడనిది ఎట్లు బాగుపడును? అనగా నా సర్టిఫికెట్ అబద్ధమా? అనుమతి లేకుండ విప్పుట, తుడుచుట, ఎడ్లు లేకుండ కదల్చుట! మూడును జరిగినవి. తొలగింపు మెమో తయారు చెయ్యి,” అన్నారు నా వైపు తిరిగి.

నేను కుర్చీలో కూర్చున్నాను. టైపు మిషనులో కాగితం పెట్టి, మళ్లీ తీసేశాను. గెడ్డపాలెంలో దూడని నాకుతున్న గేదె కళ్ల ముందు మెదిలింది. ఉద్యోగం పోతే పైడియ్య ఏం చేస్తాడు? ఆ బండి ఏం చేస్తుంది? సర్క్యులర్ తీసి ఆదివారమంతా దాన్నే చదివాను. సోమవారం పొద్దున్న డీడీగారి గదిలోకి వెళ్లాను.

“సార్, మెమో అంటే హెచ్చరికే కదండీ?”

“నిస్సందేహముగా.”

“ఈ రోజు జాయింట్ డైరెక్టరుగారు వస్తున్నారు. ఆఫీసులో ఒక్క హెచ్చరిక పెండింగులో ఉన్నా జ్ఞాపిక ఇవ్వరండి. మొన్న అడిగిన వివరణ కూడా పెండింగులోనే ఉంది.”

డీడీగారు పైడియ్య మీదున్న కాగితాలన్నీ తెప్పించి స్వయంగా చింపేశారు. నేను గాలి పీల్చుకునేలోపే షరతు పెట్టారు.

“అయితే వాహనమును ఎవరును బాగు చేయలేదు. అది తనంతట తానే స్వస్థత పొందినది. అట్లు రాయి. ఇక ఏ నోటి నుంచీ వేరే మాట రాకూడదు.”

రాశాను. పైడియ్యకి చదివి వినిపించాను. ఉద్యోగం నిలబడిందని సంతోషిస్తాడనుకున్నాను. సంతోషించాడు కూడా, దండం పెట్టాడు. పెట్టి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

“అంతా మీ దయ బాబూ. కానీ బాగు సేసింది నానని ఒక్క ముక్క, ఏ మూలనన్నా, రాయడానికి అవదేటి?”

“అవదు పైడియ్యా.”

“అలాగే బాబూ.”

పదకొండు గంటలకి జాయింట్ డైరెక్టరుగారొచ్చారు. వరండాలో పూలదండలు, మైకు. తనంతట తాను కోలుకున్న వాహనాన్ని చుట్టూ తిరిగి చూసి, ఇది రాష్ట్రానికే ఆదర్శమన్నారు. సరిగ్గా జ్ఞాపిక చేతులు మారుతుండగా అసిరమ్మ స్టీలు గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. మైకునీ దండల్నీ పట్టించుకోకుండా తిన్నగా పైడియ్య దగ్గరికి పోయింది.

“ఇందా నాయినా, జున్ను. నువ్వా బండి బాగు సెయ్యకపోతే తల్లీ దక్కేది కాదు, పెయ్యా దక్కేది కాదు.”

మైకు దగ్గరే ఉంది. మాట అందరికీ వినిపించింది. జాయింట్ డైరెక్టరుగారు జ్ఞాపిక సగంలో ఆపారు.

“బాగు చేశారా? నివేదికలో అట్లు లేదే?”

డీడీగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నేల మీద చూడడానికి ఏమీ లేదు, అయినా చూస్తూనే ఉన్నాను.

పైడియ్య చేతులు వెనక్కి తీసేసుకున్నాడు.

“నాను కాదమ్మా. అది... దానంతటదే బాగైపోనాది.”

“అదేటి నాయినా! నా కళ్లతో నాను సూసినాను కదా!”

“నాను కాదు,” అన్నాడు మళ్లీ.

అసిరమ్మ అతన్ని చూసింది. డీడీగారిని చూసింది. జ్ఞాపికనీ నన్నూ కూడా చూసింది. ఏం అర్థమయిందో, ఎంత అర్థమయిందో నాకు తెలీదు. గిన్నె అతని చేతుల్లో పెట్టేసి, “సరే నాయినా. ఆ బాగు సేసినోడు ఎక్కడన్నా కనిపిస్తే ఇచ్చెయ్యి,” అని వెళ్లిపోయింది.

జ్ఞాపిక చేతులు మారింది. చప్పట్లు కొట్టాం. అందరూ భోజనాలకి లేచాక నేను బండి వెనక్కి వెళ్లాను. పైడియ్య టైరుకి ఆనుకుని కూర్చుని గిన్నె మూత తీస్తున్నాడు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. ఫ్యాంటు నలుగుతుందని కూడా చూడకుండా నేల మీద కూర్చున్నాను. జున్ను ముక్క నా చేతిలో పెట్టాడు. మిరియం ఘాటు, బెల్లం తీపి.

“పైడియ్యా, బండిని బాగు చేసింది నువ్వే,” అన్నాను.

అతను గబుక్కున అటూ ఇటూ చూశాడు.

“మెల్లగా అనండి బాబూ, ఇంటారు,” అని నా చేతిలో ఇంకో ముక్క పెట్టాడు.